ఉద్యోగి సాక్ష్యం, కార్యాలయ సమాచారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకే సందేహం పదేపదే కనిపించింది. ప్రభుత్వ ఉద్యోగి తనకు తెలిసిన విషయాన్ని ఎవరి ముందు చెప్పవచ్చు, ఎవరి ముందు చెప్పకూడదు అన్నదే ఆ సందేహం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను భీమునిపట్నం ప్రాంతంలో మండల సర్వేయరుగా పనిచేసి, బదిలీపై ఇప్పుడు నగరంలోని మరో కార్యాలయంలో ఉన్నాను. అక్కడ ఉన్నప్పుడు నేను కొలిచిన ఒక భూమిపై ఇద్దరు అన్నదమ్ముల మధ్య సివిల్ దావా నడుస్తోంది. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటాల పుస్తకం), నా కొలతల నివేదిక, దానిపై నడిచిన నోట్ ఫైలు (అధికారులు తమ అభిప్రాయాలు, ఆదేశాలు రాసే ఫైలు) తీసుకుని వచ్చి సాక్ష్యం చెప్పాలని కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా వెళ్తే ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించినట్లేనని మా పై అధికారి గారు అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: వెళ్లాలి. కోర్టు సమన్లకు లోబడి సాక్ష్యం చెప్పడానికి ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి అవసరం లేదు. మీ పై అధికారి గారు చెప్పిన నియమం లేకపోలేదు గాని, అది వర్తించే చోటు వేరు. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 10వ నియమం, ఎవరైనా వ్యక్తి గాని కమిటీ గాని అధికారి గాని జరిపే విచారణలో ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి సాక్ష్యం చెప్పరాదని అంటూనే, ప్రభుత్వమో పార్లమెంటో రాష్ట్ర శాసనసభో నియమించిన అధికారి ముందు జరిగే విచారణకు, న్యాయ విచారణకు, శాఖాపరమైన విచారణకు ఆ నిషేధం వర్తించదని స్పష్టంగా మినహాయించింది. మీకు వర్తించే ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కూడా 1964 నాటిదే. కోర్టు సాక్ష్యం విషయంలో దాని సారమూ ఇదే. సమన్లు అందుకుని కూడా తగిన కారణం లేకుండా వెళ్లని సాక్షికి వారంటు జారీ చేసే అధికారం, జరిమానా విధించే అధికారం సివిల్ కోర్టుకు ఉన్నాయి. ఆ రోజున 'వెళ్లవద్దు' అన్న నోటిమాట మీకు అక్కరకు రాదు. అందువల్ల సమన్ల ప్రతిని జతచేసి, ఫలానా తేదీన హాజరవుతున్నానని ఇప్పుడే రాతపూర్వకంగా కార్యాలయానికి తెలియజేయండి. ఉద్యోగ బాధ్యతలో తెలిసిన విషయాలపై సాక్ష్యం చెప్పడానికి వెళ్లిన రోజును విధి నిర్వహణగానే పరిగణిస్తారు కాబట్టి, కోర్టు నుంచి హాజరు ధ్రువపత్రం తప్పక తీసుకోండి. సాక్షి ఖర్చుల కోసం కక్షిదారు కోర్టులో జమచేసిన బత్తా, శాఖ ఇచ్చే ప్రయాణ భత్యం రెండూ ఒకే ప్రయాణానికి తీసుకోకూడదు.

ఇక కాగితాల సంగతి. ఎఫ్‌ఎంబీ, నివేదిక, నోట్ ఫైలు ఇప్పుడు మీ అధీనంలో లేవు, పాత కార్యాలయంలో ఉన్నాయి. ఆ మాట కోర్టుకు ముందే రాతలో తెలపండి. పాత కార్యాలయం నుంచి ఫైలు మీరుగా తెచ్చుకోవద్దు. ప్రభుత్వ రికార్డు కావాలనుకున్న కక్షిదారు ఆ కార్యాలయాధిపతి పేరిట సమన్లు కోరాలి. సర్టిఫైడ్ కాపీతో సరిపోయే చోట ముందుగా దానికోసం ప్రయత్నించారా లేదా అన్నది కూడా అఫిడవిట్‌లో చెప్పాలని సివిల్ కోర్టుల పని పద్ధతిని నిర్దేశించే సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ అడుగుతాయి. కేవలం పత్రం దాఖలు చేయమని వచ్చిన సమన్లకు కార్యాలయాధిపతి స్వయంగా రానక్కరలేదు, పత్రాన్ని మరో ఉద్యోగితో పంపినా చట్టం దృష్టిలో పాటించినట్లే. అలా పత్రం తెచ్చిన ఉద్యోగి అంతమాత్రాన సాక్షి కాడు, అతణ్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేయడానికి వీల్లేదు. చాలా మంది గుమాస్తాలు ఈ సంగతి తెలియక బోనెక్కాల్సి వస్తుందేమోనని భయపడుతుంటారు.

నోట్ ఫైలును బయటపెట్టడానికి మీ శాఖకు అభ్యంతరం ఉందనుకుందాం. అప్పుడు ఏం చేయాలో కూడా చట్టంలోనే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 129వ సెక్షన్ ప్రకారం, రాజ్య వ్యవహారాలకు సంబంధించి ప్రచురితం కాని ప్రభుత్వ రికార్డుల ఆధారంగా సాక్ష్యం చెప్పాలంటే శాఖాధిపతి అనుమతి ఉండాలి. అధికార విశ్వాసంతో తనకు తెలిపిన విషయాన్ని వెల్లడిస్తే ప్రజాప్రయోజనానికి నష్టమని భావించే అధికారిని వెల్లడించమని బలవంతపెట్టరాదని 130వ సెక్షన్ చెబుతుంది. మీ దావా అంతకుముందే దాఖలై ఉంటే 1872 నాటి పాత సాక్ష్య చట్టమే వర్తిస్తుంది; అందులో ఇవి 123, 124 సెక్షన్లు. ఇక్కడ రెండు సంగతులు మరవకూడదు. మొదటిది, 123వ సెక్షన్ కింది అభ్యంతరాన్ని మంత్రి గాని శాఖాధిపతి గాని పత్రాన్ని స్వయంగా పరిశీలించి అఫిడవిట్ ద్వారా లేవనెత్తాలి తప్ప, తహశీల్దారు కార్యాలయంలో ఎవరో మౌఖికంగా 'ఇది రహస్యం' అంటే చెల్లదు. రెండవది, అభ్యంతరం ఉన్నా పత్రాన్ని కోర్టుకు తీసుకురావలసిందే; ఆ అభ్యంతరం చెల్లుతుందో లేదో తేల్చేది కోర్టు. పాత చట్టంలో 162వ సెక్షన్, కొత్త చట్టంలో 165వ సెక్షన్ ఇదే చెబుతున్నాయి.

ఈ సూత్రం ఒక్క రోజులో ఏర్పడలేదు. 1960లో సోధీ సుఖ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు శాఖాధిపతి మాటకు చాలా విలువ ఇచ్చింది. 1975లో రాజ్ నారాయణ్ కేసుకు వచ్చేసరికి, ప్రభుత్వం తమ పేరిట ఏం చేస్తోందో తెలుసుకొనే హక్కు ప్రజలకు ఉందని గుర్తించింది. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో, న్యాయమూర్తుల నియామకాలపై ఉన్నత స్థాయిలో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలను సైతం వెల్లడించమంది. అంతటి పత్రాలకే దొరకని రక్షణ ఇద్దరు అన్నదమ్ముల సరిహద్దు కొలతలకు దొరుకుతుందని నేను అనుకోను. సాధారణ భూమి రికార్డును రాజ్య వ్యవహారమని పిలవడం ఆ సెక్షన్ ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది. కార్యాలయానికి కలిగే ఇబ్బంది వేరు, ప్రజాప్రయోజనానికి కలిగే నష్టం వేరు.

బోనులో నిలబడ్డాక మీరు కొలిచినది, చూసినది, రాసినది చెప్పండి. ఏళ్లనాటి అంకెలు గుర్తులేకపోతే ఆనాటి రికార్డు చూసి జ్ఞాపకం చేసుకునే వెసులుబాటు చట్టం ఇస్తుంది, కోర్టును అడగండి. భూమి ఎవరిదన్నది మీరు తేల్చవలసిన విషయం కాదు. అడిగినా అది మీ విధి పరిధిలో లేదని చెప్పండి.

ప్రశ్న: నేను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగిని. మా ప్రాంతంలోని ఒక కర్మాగారం నుంచి వస్తున్న వాయువులపై పౌర సంఘాలు నిజనిర్ధారణ కమిటీ వేశాయి. మా కార్యాలయంలో నమోదైన అంకెలు నాకు తెలుసు. కమిటీ ముందుకు వెళ్లి చెప్పవచ్చా?

జవాబు: అనుమతి లేకుండా చెప్పరాదు. పైన చెప్పిన నిషేధం సరిగ్గా వర్తించేది ఇటువంటి కమిటీలకే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ వాయువు లీకైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం హైపవర్ కమిటీని వేసింది, జాతీయ హరిత ట్రైబ్యునల్ మరో కమిటీని నియమించింది. అటువంటి కమిటీలు పిలిస్తే ఉద్యోగి తనకు తెలిసింది చెప్పడం బాధ్యత. పౌర సంఘం ఎంత నిజాయితీతో వేసిన కమిటీ అయినా ఆ కోవలోకి రాదు. అనుమతి దొరికినా ప్రభుత్వ విధానాన్ని, చర్యను విమర్శించకుండా వాస్తవం వరకే చెప్పాలి.

అంతమాత్రాన ఆ అంకెలు దాగి ఉండాలని కాదు. కమిటీ సభ్యులను మీ కార్యాలయపు పౌర సమాచార అధికారి వద్దకు పంపండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో జవాబివ్వాలి. జనం పీల్చే గాలి గురించిన అంకెలు ప్రాణానికి సంబంధించినవేనని దరఖాస్తులోనే కారణంతో రాయమని వారికి చెప్పండి. నా దృష్టిలో ఇటువంటి అంకెలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ఆ చట్టం 4వ సెక్షన్ ఉద్దేశమూ అదే.

ప్రశ్న: మా అబ్బాయి నేవల్ డాక్‌యార్డులో సివిలియన్ ఉద్యోగి. ఓడల మరమ్మతుకు సంబంధించిన ఆఫీసు కాగితం ఫోటో తీసి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో ముఖ్యమైనదేమీ లేదంటున్నాడు.

జవాబు: వెంటనే తొలగించి, జరిగినదాన్ని తన అధికారికి తానే చెప్పమనండి. రక్షణ శాఖలోని సివిలియన్లకు కేంద్ర ప్రవర్తనా నియమావళే వర్తిస్తుంది. సమాచార హక్కు చట్టం కింద ఇవ్వవలసింది ఇవ్వమంటూనే, అధికారం లేని వ్యక్తికి ఏ అధికారిక పత్రాన్నీ, అందులో ఏ భాగాన్నీ నేరుగా గాని పరోక్షంగా గాని అందించరాదని 11వ నియమం చెబుతోంది. పైగా ఇది 1923 నాటి అధికార రహస్యాల చట్టం పరిధిలోకి వచ్చే చోటు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఈ ఊళ్లో, 2019 డిసెంబరులో నౌకాదళ సిబ్బంది కొందరిని సమాచారం చేరవేశారన్న ఆరోపణపై అరెస్టు చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఏది ముఖ్యం, ఏది కాదు అని తేల్చే అధికారం మీ అబ్బాయికి లేదు.

ప్రశ్న: మా కార్యాలయంలో బిల్లుల్లో అవినీతి జరుగుతోంది. పత్రికకు చెబితే ఉద్యోగం పోతుందని భయం. మౌనంగా ఉండలేకపోతున్నాను.

జవాబు: మీ బాధ న్యాయమైనది, మార్గమూ ఉంది. ప్రవర్తనా నియమావళి ఆపేది అధికారం లేని వ్యక్తికి చెప్పడాన్ని. విచారించే అధికారం చట్టబద్ధంగా ఉన్న అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీకి), లోకాయుక్తకు ఫిర్యాదు చేయడం దాని కిందికి రాదు. మీరు కేంద్ర ఉద్యోగి గాని, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగి గాని అయితే 2004 నాటి ప్రభుత్వ తీర్మానం కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు సీలు వేసిన కవరులో ఫిర్యాదు పంపవచ్చు. కమిషన్ మీ పేరు రహస్యంగా ఉంచుతుంది. జాతీయ రహదారి పనుల్లో అక్రమాలను తెలిపిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003లో హత్యకు గురైన తరువాతే ఈ ఏర్పాటు వచ్చింది. 2014లో పార్లమెంటు ఆమోదించిన ఫిర్యాదుదారుల రక్షణ చట్టాన్ని మాత్రం నేటికీ అమల్లోకి తేలేదు. ఇది ప్రభుత్వాల వైఫల్యమని చెప్పడానికి సంకోచించను. రాష్ట్ర ఉద్యోగులకు ఆ కేంద్ర తీర్మానపు రక్షణ కూడా లేదు. కాబట్టి మీకు బాధ్యతలో భాగంగా తెలిసిన బిల్లు సంఖ్యలు, తేదీలు, ఫైలు నంబర్లు ఫిర్యాదులో రాయండి. అసలు ఫైలును ఇంటికి తీసుకెళ్లకండి, అది ఫిర్యాదును వదిలేసి మీ మీద కేసు నడిపేందుకు అవకాశమిస్తుంది.

ప్రశ్న: ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన వైద్యుణ్ని. చాలా ఏళ్ల కిందట ఇచ్చిన గాయాల ధ్రువపత్రంపై ఇప్పుడు సమన్లు వచ్చాయి. కొత్త చట్టంలో నా బదులు ఇప్పటి అధికారి చెప్పవచ్చంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. అధికారి బదిలీ అయినా, రిటైరైనా, మరణించినా ఆ పదవిలో ఇప్పుడున్నవారిచేత ఆ పత్రంపై సాక్ష్యం చెప్పించాలని, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 336వ సెక్షన్ అంటోంది. అదీ ఆ పత్రాన్ని కక్షిదారుల్లో ఎవరైనా వివాదం చేసినప్పుడే. అయితే 2024 జులై 1 నాటికే మొదలై నడుస్తున్న విచారణలు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారమే సాగుతాయి. మీ కేసు పాతదిగా కనిపిస్తోంది కనుక స్వయంగా వెళ్లవలసి రావచ్చు. సమన్లపై ఉన్న కేసు నంబరుతో ఆ కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటరును వాయిదా కంటే ముందే కలిసి, ధ్రువపత్రం నకలు ఒకటి అడిగి చదువుకోండి.