గూడుకట్టిన డిటెక్టరా, పొదిగిన డిటెక్టరా?

సందేహం: కణభౌతిక శాస్త్ర సాఫ్ట్‌వేర్‌లో ఒక వాల్యూమ్ లోపల ఇంకో వాల్యూమ్ పెట్టుకుంటూ డిటెక్టర్‌ను, అంటే కణాలను పసిగట్టే పరికరం నమూనాను నిర్మిస్తారు. ఇంగ్లిష్‌లో వీటిని 'నెస్టెడ్ వాల్యూమ్స్' అంటారు, బయటిది 'మదర్', లోపలిది 'డాటర్'. విద్యార్థుల కోసం రాసిన పాఠంలో వీటిని 'గూడుకట్టిన ఘనపరిమాణాలు' అన్నాను. 'తల్లి ఘనపరిమాణంలో ఆరుగురు కూతుళ్లు ఉన్నాయి' అని కూడా రాశాను. చదివినవాళ్లు ఏదో తేడాగా ఉందన్నారు. ఎలా రాయాలండీ?

సమాధానం: 'గూడుకట్టిన' దగ్గరే తేడా మొదలైంది. తెలుగులో గూడుకట్టుకునేది దిగులు, బాధ. ఒకచోట చేరి కదలకుండా ఉండిపోవడమే తప్ప ఒకదానిలో ఒకటి ఒదగడం ఆ మాటలో లేదు. మీకు కావలసిన భావానికి 'ఇముడు' ఉంది. జియాంట్4 అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌లో పిల్ల (లోపలి) వాల్యూమ్ తల్లి హద్దు దాటి పొడుచుకు రాకూడదు, ఒకే తల్లి పిల్లలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోకూడదు. హద్దు దాటినదాన్ని మనం 'ఇమడలేదు' అనే అంటాం కదా!

నాకు ఇంకా నచ్చే మాట 'పొదగడం'. బంగారంలో రాయి పొదిగితే రాయి ఉన్నచోట బంగారం ఉండదు. గాలి నిండిన పెట్టెలో సిలికాన్ పలకను అమర్చినప్పుడు సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. పలక ఉన్నంత మేర గాలి లెక్కలోంచి తప్పుకుంటుంది, అక్కడికి వచ్చిన కణానికి సిలికానే ఎదురవుతుంది. పలక పట్టేంత గాలిని మనం విడిగా తొలిచి తీయనక్కర్లేదు. ఇంత దగ్గరగా అతికే క్రియ మన దగ్గర ఉండగా వేరే మాట ఎందుకు?

ఘనపరిమాణం ఒక కొలత, ఇన్ని ఘనసెంటీమీటర్లు అని చెప్పేది. ఇక్కడి వాల్యూమ్ ఆకారమూ పదార్థమూ ఉన్న వస్తువు. పోనీ 'ఘనం' అందామంటే గణితంలో అది క్యూబ్. వాల్యూమ్ అనే ఉంచండి. జియాంట్4లో పదార్థం లేని వట్టి ఆకారానికి 'ఘనాకృతి' చక్కగా సరిపోతుంది.

ఇక కూతుళ్లు. ఏకవచనంలో చిక్కు కనబడదు: కూతురు వచ్చింది, పెట్టె వచ్చింది. బహువచనంలో బయటపడుతుంది. 'ఆరుగురు' అనగానే చెవి 'ఉన్నారు' కోసం చూస్తుంది, మీరు 'ఉన్నాయి' అన్నారు. తల్లివేరు, పిల్లవేర్లు, పిల్లకాలువ అన్నట్టు 'పిల్ల'ను విశేషణంగా ముందు పెడితే ఈ ఇబ్బంది ఉండదు. నేనైతే ఇలా రాస్తాను: 'తల్లి వాల్యూమ్‌లో ఆరు పిల్ల వాల్యూమ్‌లను పొదిగాం. వాటి స్థానాలను తల్లి నిరూపకాల్లోనే ఇస్తాం కాబట్టి తల్లిని జరిపితే ఆరూ దానితోపాటే జరుగుతాయి.'