చింతపల్లి చలిలో సీతమ్మధార బోన్సాయ్‌లు

ప్రశ్న: మావారికి బదిలీ కావడంతో నవంబరులో విశాఖ సీతమ్మధార నుంచి చింతపల్లి వచ్చాం. మా మేడ మీద పదేళ్లుగా పెంచుకున్న ఫైకస్ (మర్రి జాతి), చింత, జూనిపర్ బోన్సాయ్‌లను (తొట్టిలో పొట్టిగా పెంచే చెట్లను) కూడా తెచ్చుకున్నాం. మంచు తగలకుండా మూడింటినీ గదిలోనే పెట్టి, అలవాటు ప్రకారం రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. ఫైకస్ ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. చింత దాదాపు బోడిగా అయింది. జూనిపర్ ఒక్కటే పచ్చగా ఉంది. ఎరువు వేస్తే కోలుకుంటాయా?
– ఒక గృహిణి, చింతపల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఎరువు పక్కన పెట్టండి. చలికి వేళ్లు నెమ్మదించిన చెట్టు ఎరువును తీసుకోలేదు. అది మట్టిలోనే ఉండిపోయి ఉన్న వేళ్లను కాలుస్తుంది. కొత్త చిగురు కనిపించేదాకా ఏమీ వేయవద్దు.

ఇక చలి సంగతి. సముద్రం పక్కనున్న విశాఖలో ఎంత చలి రాత్రయినా ఉష్ణోగ్రత రెండంకెల్లోనే ఉంటుంది. కొండల మీదున్న చింతపల్లి, లంబసింగి వైపు 5 డిగ్రీల లోపుకీ దిగుతుంది. ఫైకస్, చింత వేడి ప్రాంతపు చెట్లు, 10 డిగ్రీలు దాటి కిందికి వెళితే ఇబ్బంది పడతాయి. పైగా నేలలో ఉన్న చెట్టు వేళ్లకు భూమి వెచ్చదనం ఉంటుంది. మూడు నాలుగు అంగుళాల లోతు తొట్టిలో ఆ రక్షణ లేదు, గాలి ఎంత చల్లబడితే వేళ్లూ అంత చల్లబడతాయి. అందుకని ఆ రెండింటినీ రాత్రి లోపల పెట్టడం సబబే.

కానీ చలి ఆకులు రాల్చిందే అనుకుందాం, ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం మీ రెండు పూటల నీళ్లు. ఆకులు తగ్గితే చెట్టు తాగే నీరూ తగ్గుతుంది. మే నెలలో మేడ మీద పోసినట్టే జనవరిలో గదిలో పోస్తే మట్టి ఆరదు, వేళ్లకు గాలి అందదు, కుళ్లు మొదలవుతుంది. చదువుకునే రోజుల్లో నా మొదటి మర్రి బోన్సాయ్‌ను నేను చంపుకున్నదీ ఇలాగే, బోలెడంత ప్రేమతో! ఒక చీపురుపుల్లను తొట్టిలోకి అంగుళంన్నర దించి పది నిమిషాలాగి తీయండి. తడి మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. పోయాల్సి వస్తే ఎండ వచ్చాక, పదింటి ప్రాంతంలో, మరీ చల్లగా లేని నీళ్లు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. సాయంత్రం పోయవద్దు.

చింత బోడి అయిందని బెంగ పడకండి. కొమ్మ మీద గోటితో చిన్నగా గీరండి. బెరడు కింద పచ్చగా ఉంటే బతికే ఉంది, ఎండ ముదిరాక చిగురిస్తుంది. ఫైకస్ మట్టి దగ్గర పుల్లటి వాసన వస్తుంటే మాత్రం తొట్టిలోంచి మెల్లగా ఎత్తి చూడండి. నల్లగా, మెత్తగా జారిపోయే వేళ్లుంటే కత్తిరించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (కుళ్లు తెగులు మందు) కలిపి వేళ్లు తడిసేలా పోసి, ఇటుక ముక్కలు ఎక్కువగా ఉన్న, తడి లేని మట్టి మిశ్రమంలో నాటండి. మామూలుగా చలికాలంలో తొట్టి మార్చకూడదు, ఇది తప్పనిసరి సందర్భం. వేళ్లు బాగుంటే కదపకండి, ఫిబ్రవరి చివరిదాకా ఆగండి.

మీరు ధీమాగా ఉన్న జూనిపర్ గురించే నా భయం. ఇది చలిదేశపు చెట్టు, దానికి చలికాలపు నిద్ర కావాలి. వెలుతురు చాలని గదిలో క్షీణిస్తుంది. చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపించి మోసం చేస్తుంది. రెమ్మను చేతివేళ్ల మధ్య నలపండి. మెత్తగా వంగితే సరే, గరగరమని రాలితే ఆలస్యమైనట్టే. బాగుంటే ఇవాళే ఆరుబయట, ఉదయపు ఎండ తగిలే చోట పెట్టండి. తొట్టి చుట్టూ గోనెసంచి చుడితే చాలు, చెట్టుకు ముసుగు వేయవద్దు. చలికి ఆకులు కాస్త కంచు రంగుకు తిరిగితే అది జబ్బు కాదు.

లోపలున్న రెండింటినీ పగలు ఎండలోకి తేవడం మరవకండి. హీటర్ పక్కన, పొయ్యి పక్కన పెట్టవద్దు. మూసిన గదిలో పొలుసు పురుగు, పిండినల్లి త్వరగా పడతాయి. ఆకు అడుగున కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి పొద్దున ఎండ ముదరకముందే పిచికారీ చేయండి.

మీరు అడగని మాట ఒకటి. మళ్లీ విశాఖ బదిలీ అయితే ఫైకస్‌నూ చింతనూ వెంట తెచ్చుకోండి. జూనిపర్‌ను మాత్రం చింతపల్లిలోనే శ్రద్ధగా చూసుకునేవాళ్లకు ఇచ్చి రండి. విశాఖ ఉక్కలో అది మరెన్నాళ్లో తట్టుకోలేదు.