సుబేదారన్నను అడగండి: చలిలో కదలకుండా కూర్చోవాలంటే

(ఆర్మీలో సుబేదారుగా పనిచేసి రిటైరై, కర్నూలులో స్థిరపడిన మా కాలమిస్టు ఈసారి చలి గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: అన్నా, నమస్కారం. మా పిల్లోడు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరు చివర్లో ఆఫీసు స్నేహితుడితో కలిసి జింకల వేటకు పోతాడంట. తెల్లవారకముందే అడవిలోకి నడిచిపోయి, చెట్టుకు కట్టిన మంచె మీద మధ్యాహ్నం దాకా కూర్చుంటారంట. అక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి. వీడేమో ప్రొద్దుటూరు ఎండల్లో పెరిగినోడు. మందంగా రెండు స్వెట్టర్లు అల్లించి పంపుదామనుకుంటున్నా. సరిపోతాయా? ఇంకేం పంపమంటారు?
— ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: చెల్లెమ్మా, స్వెట్టర్లు తప్పకుండా అల్లించు. కానీ మందంగా వద్దు, పల్చగా రెండు అల్లించు. ఎందుకో చెప్తాను.

వేటకు పోయేవాళ్ళకు పట్టే చలి, ద్రాస్ వైపు కొండల మీద పోస్టుల్లో మాకు పట్టిన చలి ఒకే రకం. ముందు బరువు మోసుకుంటూ నడక, ఆ తర్వాత గంటల తరబడి కదలకుండా కూర్చోవడం. నడకలో ఒళ్ళు వేడెక్కి చెమట పడుతుంది. కూర్చున్నాక ఒంట్లో పుట్టే వేడి తగ్గిపోతుంది, చెమట తడి మాత్రం బట్టల్లో అట్లే ఉంటుంది. ఒంటి వేడిని గాలి లాగేదానికంటే నీళ్ళు దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. ఇంటి దగ్గరే అన్నీ తొడుక్కుని బయల్దేరినవాడు అందరికంటే ముందు వణకడానికి కారణం ఇదే.

మా హవల్దార్ ఒకాయన ఉండేవాడు. పోస్టు చేరగానే ప్రతి జవాను కోటు కిందుగా వీపు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. తడి తగిలిందంటే ఇంకేమీ మాట్లాడనిచ్చేవాడు కాదు. బండరాయి చాటుకు పంపి లోపలి బనియన్ మార్పించి, పొడిది వేసుకున్నాకే టీ గ్లాసు చేతికిచ్చేవాడు. నేను ఆర్మీలో విన్న చలి పాఠాలన్నీ ఒక ఎత్తు, వీపు మీద ఆ అరచెయ్యి ఒక ఎత్తు.

పాత చీరలు పరిచి కుట్టిన బొంత ఎందుకంత వెచ్చగా ఉంటుందో నీకు తెలిసిందే. పొరల మధ్య చిక్కుకున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. ఒంటి మీద బట్టలు కూడా అట్లే పని చేయాలి.

ఒంటికి ఆనుకునే బట్ట చెమటను పీల్చి పైకి పంపేదిగా ఉండాలి. అందుకు మెరీనో ఉన్ని గానీ పాలిస్టర్ థర్మల్స్ గానీ మంచివి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. కాటన్ బనియన్, కాటన్ డ్రాయరు, జీన్స్ ప్యాంటు ఆ రోజుకు ఇంట్లోనే ఉండాలి. మన కడప ఎండలకు కాటన్‌ను మించింది లేదు. చెమటను పట్టుకుని, మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టే మనకు హాయి. అదే గుణం గడ్డకట్టే చలిలో ప్రాణం మీదికి తెస్తుంది.

దానిపైన నీ స్వెట్టర్లు. ఒక్కటే మందంగా ఉంటే వేసుకోవాలి, లేదా తీసేయాలి, మధ్యేమార్గం లేదు. పల్చటివి రెండైతే ఒకటి తీసి ఒకటి ఉంచుకోవచ్చు. పైది కిందిదానికంటే కొంచెం వదులుగా అల్లించు, బిగుతుగా ఉంటే మధ్యలో గాలికి చోటుండదు. ఇంకో మాట, రెండింటికీ ముందువైపు గుండీలు గానీ జిప్పు గానీ పెట్టించు. మంచె మీద కూర్చుని, చేతులు పైకెత్తి తల మీదుగా స్వెట్టర్ లాక్కోవడం కష్టం. ఆ కదలికకు జింక కూడా ఉండదు.

అన్నిటికంటే పైన గాలిని ఆపే కోటు. దాన్ని ఇక్కడ కొని పంపొద్దు. విస్కాన్సిన్‌లో తుపాకీతో జింకలను వేటాడే సీజన్‌లో నడుము పైన కనిపించే బట్టల్లో కనీసం సగం, కళ్ళు చెదిరే నారింజ రంగులోనో ముదురు గులాబీలోనో ఉండాలని చట్టం. టోపీ పెట్టుకుంటే దానికీ అదే లెక్క. దూరం నుంచి చూసినవాడు మనిషిని జింక అనుకుని కాల్చకుండా ఈ నియమం. కాబట్టి మన బజార్లో దొరికే నల్ల జెర్కిన్, గోధుమ రంగు శాలువా పైన వేసుకోకూడదు. అక్కడి షాపుల్లో ఆ రంగు కోట్లు దొరుకుతాయి, వాటి మీద వేసుకునే పల్చటి చేతుల్లేని జాకెట్లూ దొరుకుతాయి. నీ స్వెట్టర్లు లోపలికే కాబట్టి ఏ రంగైనా పర్వాలేదు.

ఇక నడిచే పద్ధతి. కారు దిగినప్పుడు కొంచెం చలిగా ఉండాలి. అప్పుడే బట్టలు సరిగ్గా వేసుకున్నట్టు. చివరి స్వెట్టరు, దళసరి కోటు బ్యాగులో కట్టుకుని, పైన నారింజ జాకెట్ ఒకటి వేసుకుని మెల్లగా నడవాలి. నుదుట చెమట తెలిస్తే జిప్పు దించాలి, టోపీ తీయాలి. చెట్టు కిందికి చేరాక ఒళ్ళు కాస్త చల్లారనిచ్చి, లోపలిది తడిస్తే మార్చుకుని, చలి మొదలయ్యేలోపు మిగతావి తొడుక్కోవాలి. అంతా అయ్యాక, నేల మీద నుంచే సేఫ్టీ బెల్టు తగిలించుకుని ఎక్కాలి. చెట్టు మంచెల మీద నుంచి పడి దెబ్బలు తగిలించుకునేవాళ్ళు ఎక్కువ, దీన్ని మటుకు ఫోన్‌లో గట్టిగా చెప్పు.

కాళ్ళకు ఉన్ని సాక్సులు ఒక జత చాలు. బూటు బిగిసేలా రెండు జతలు ఇరికిస్తే రక్తం సరిగ్గా ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. కూర్చున్నప్పుడు పాదాల కింద ఒక ఫోమ్ ముక్క వేసుకోమను. చేతులకు, వేళ్ళన్నీ ఒకే అరలో ఉండే గ్లౌజులు విడి వేళ్ళవాటికంటే వెచ్చన. తల నుంచే సగం వేడి పోతుందని చాలామంది చెప్తారు, అది నిజం కాదు. ఒంట్లో తల ఎంత భాగమో అక్కడి నుంచి పోయేదీ సుమారు అంతే. అయినా చెవులు, మెడ కప్పుకోవాల్సిందే. నువ్వు మంకీ క్యాప్ పంపితే ఆ నారింజ టోపీ కింద పెట్టుకుంటాడు.

చలికి ఒక పెగ్గు వేద్దామని పక్కవాళ్ళు అనొచ్చు. మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని వెచ్చగా అనిపిస్తుంది, అదే దారిన లోపలి వేడంతా బయటికి పోతుంది. చేతిలో తుపాకీ ఉన్నప్పుడు ఆ మాటే ఎత్తకూడదు.

బొటనవేలు చిటికెనవేలును తాకగలుగుతోందా అని అప్పుడప్పుడూ చూసుకోమను. తాకలేకపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, వణికి వణికి వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయినా వెంటనే దిగి వెచ్చటి చోటికి చేరాలి. వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే రుద్దకూడదు, చంకలో పెట్టుకోవాలి.

అక్కడ అది లైసెన్సు తీసుకుని, సీజన్‌లో చేసే పని. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు స్నేహితులెవరైనా రమ్మన్నా పోనివ్వొద్దు.

ప్రశ్న: సుబేదారు సార్, శనగ చేనికి రాత్రి కాపలా పోతున్నాను. అడవిపందులు, జింకలు వస్తున్నాయి. రాత్రి పన్నెండు దాకా బాగానే ఉంటుంది, మూడు దాటితే పళ్ళు కొట్టుకుంటాయి. రెండు రగ్గులు కప్పుకున్నా కింది నుంచి చలి పొడుస్తుంది. ఈ బాధ పడలేక, చేను చుట్టూ కరెంటు తీగ లాగేయమని కొందరంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక రైతు, మిడుతూరు మండలం

జవాబు: తమ్ముడూ, తీగ మాట మొదట. అది వద్దే వద్దు. ఆ తీగకు పంది ఒక్కటే తగలదు. చీకట్లో నీళ్ళు కట్టడానికొచ్చిన పక్క చేను రైతు తగులుతాడు, తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ వచ్చిన పిల్లోడు తగులుతాడు. ఇట్లా పోయినవాళ్ళ వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. మీ పక్కనే రోళ్ళపాడు అభయారణ్యం ఉంది. 1988లో బట్టమేక పక్షి కోసం పెట్టింది. అక్కడి నుంచి వచ్చే కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే కనీసం మూడేళ్ళ జైలు. పంట పోయిన చోటును ఫోటోలు తీసి, ఫారెస్టు ఆఫీసులో నష్టపరిహారానికి అర్జీ పెట్టు. ఒకసారి తిప్పి పంపినా మళ్ళీ పో. నీ కష్టం చిన్నదని నేననను. ఒక్క రాత్రిలో చేను పోతే ఎట్లుంటుందో నాకు తెలుసు.

ఇక చలి. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది, అందుకే తెల్లవారేసరికి చలి ముదురుతుంది. నీ రెండు రగ్గులూ పైనే ఉన్నాయి, లోపం కింద ఉంది. ఒంటి బరువుకు నలిగిన రగ్గులో గాలి నిలవదు. ముందు ఖాళీ యూరియా సంచులు పరిచి నేల చెమ్మ ఆపు. వాటి మీద జానెడు ఎత్తు జొన్న చొప్పో వరిగడ్డో వేసి, ఆ పైన ఒక రగ్గు పరుచుకో. రెండోది కప్పుకో. మంచె ఉంటే ఇంకా మంచిది, కానీ పలకల సందుల్లోంచి గాలి కొడుతుంది కాబట్టి మంచె మీదా ఇదే పద్ధతి.

అన్నిటి పైన కంబళి. అనంతపురం జిల్లాలో కురుబలు నేసే నల్ల కంబళి దొరికితే ఖరీదు చూడొద్దు. చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచిన ఆ ఉన్ని మీద మంచు వెంటనే ఇంకదు, గాలి దూరదు, కొంచెం తడిసినా వెచ్చదనం పోదు. కంబళి బదులు ప్లాస్టిక్ పట్టా చుట్టుకుంటే ఒంటి ఆవిరి లోపలే నీళ్ళయి తెల్లారేసరికి చొక్కా తడుస్తుంది.

చేను చుట్టూ తిరిగి వచ్చేసరికి మంచుకు కాళ్ళు తడుస్తాయి. పొడి సాక్సులు ఒక జత మూటలో పెట్టుకుని, పడుకునే ముందు మార్చుకో. నెగడు వేస్తే గుడిసె బయట, గాలి వాలు చూసుకుని వెయ్యి. మూసిన గుడిసెలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మనిషికి మెలకువ కూడా రాదు.

ప్రశ్న: అన్నా, ఆర్మీ ర్యాలీ కోసం తెల్లవారుజామున 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నా. చలికి జెర్కిన్ వేసుకునే పరిగెత్తొచ్చా?
— ఒక విద్యార్థి, ఆదోని

జవాబు: గ్రౌండ్ దాకా జెర్కిన్‌తోనే పో, వార్మప్ కూడా దాంతోనే చెయ్యి. పరుగుకు విప్పేయ్. ఆగిన వెంటనే చల్లగాలిలో నిలబడి కబుర్లు పెట్టుకోకుండా, తడి బనియన్ మార్చి జెర్కిన్ తొడుక్కో. బరువు తగ్గుతుందని కొందరు రెయిన్‌కోటు వేసుకుని పరిగెడతారు, నువ్వు ఆ పని చెయ్యొద్దు. తగ్గేది ఒంట్లో నీళ్ళే, కొవ్వు కాదు. ఆ నీరసం మరుసటి రోజు పరుగులో కనిపిస్తుంది.