గోడ గొడవ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నంద్యాలలో మాకు 180 గజాల స్థలంలో ఇల్లు ఉంది. 2009లో కొన్నాం. మరుసటి ఏడాది పక్కింటివాళ్లూ మేమూ చెరి సగం వేసుకుని మధ్యలో 60 అడుగుల ప్రహరీ కట్టించాం. రాతకోతలేమీ లేవు. ఇప్పుడు ఆ ఇల్లు వాళ్లబ్బాయి చేతికొచ్చింది. గోడ తమదేనంటున్నాడు. దాన్ని పడగొట్టి, అర అడుగు మావైపు జరిపి ఎనిమిది అడుగుల ఎత్తున కడతాడట, ఖర్చు 2,40,000లో సగం నన్ను ఇమ్మంటున్నాడు. కేసు వేస్తే 1,50,000 దాకా అవుతుందని వకీలు చెప్పారు. మావారు లేరు. ఉన్నదల్లా 6 లక్షల ఎఫ్‌డీ. అందులో 3 లక్షలు వచ్చే జూన్‌లో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకి. రెండు మూడేళ్లలో ఇల్లు అమ్మి హైదరాబాద్ వెళ్లాలని ఉంది. మా వీధిలో గజం 25,000 పలుకుతోంది. కేసు వేయనా, అడిగింది ఇచ్చేయనా?

జవాబు: అమ్మా, ఇప్పటికి రెండూ వద్దు. ముందు గొడవ దేని మీదో లెక్క వేద్దాం. అర అడుగు వెడల్పు, 60 అడుగుల పొడవు అంటే 30 చదరపు అడుగులు, అంటే మూడుంబావు గజాలకు కాస్త ఎక్కువ. మీరు చెప్పిన రేటుకి దాదాపు 83,000 రూపాయలు. వకీలు చెప్పిన ఖర్చు అంతకు రెట్టింపుకు దగ్గరగా ఉంది. పైగా సివిల్ కేసు రెండు మూడేళ్లలో తేలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మీకు అసలు నష్టం ఆ మూడు గజాల్లో లేదు, ఇల్లు అమ్ముకోలేకపోవడంలో ఉంది. హద్దు మీద దావా నడుస్తుండగా కొన్నవారు ఆ కేసు ఫలితానికి కట్టుబడాల్సిందే, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదే. అందుకే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు, వాళ్లకు లోన్ ఇచ్చే బ్యాంకు న్యాయవాది కూడా అభ్యంతరం పెడతారు. అలాగని గోడ జరపనిచ్చి ఊరుకున్నా తప్పే. రేపు కొనేవాళ్లు టేపు పెట్టి కొలిస్తే దస్తావేజులో ఉన్న గజాలు స్థలంలో ఉండవు.

కాబట్టి మొదటి ఖర్చు కొలతకే. మీ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), లేఅవుట్ ప్లాన్ కాపీ తీసి చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దుల వివరం చూడండి. 60 అడుగుల లోతులో 180 గజాలంటే ముఖం వెడల్పు 27 అడుగులు ఉండాలి. తొమ్మిది అంగుళాల గోడ హద్దుకు సరిగ్గా మధ్యలో ఉంటే చెరి నాలుగున్నర అంగుళాలు. లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో రెండు స్థలాలూ కొలిపించండి, ఆ అబ్బాయిని దగ్గరుండమని ముందే చెప్పండి. ఫీజు చెరి సగం అనండి. ఒప్పుకోకపోతే మీరే పెట్టుకోండి, ఈ ఖర్చుకు వెనకాడొద్దు.

కొలతలో గోడ ఉన్నచోటే సరైనదని తేలితే ఖర్చు గురించి ఇలా అడగండి. మీకు కావలసింది ఐదడుగుల గోడ. దానికి మేస్త్రీ చెప్పే ధరలో సగమే మీ వాటా, ఆ పైన మూడడుగులు ఆయన ముచ్చట, ఆ ఖర్చూ ఆయనదే. ఐదడుగులకు 1,50,000 అయితే మీరిచ్చేది 75,000. అసలు పాత గోడ బాగానే ఉంటే అదీ ఇవ్వక్కర్లేదు.

మాట కుదిరితే నోటితో వదలకండి, ఈ తంటా అంతా 2010లో కాగితం లేకపోవడం వల్లే. గోడ ఏ గీత మీద ఉంటుంది, ఎవరి వాటా ఎంత, మరమ్మతు ఎవరిది, గోడ మీద రేకుల షెడ్డు వాసాలు, పైపులు పెట్టొచ్చా లేదా, అన్నీ రాసుకుని కొలతల పటం జతచేసి రిజిస్టర్ చేయించండి. రేపు కొనేవాళ్లకు చూపించడానికి అదే పనికొస్తుంది. డబ్బు చెక్కుగానో యూపీఐలోనో ఇచ్చి బిల్లు దాచండి. కొత్త గోడకు పెట్టిన మీ వాటాను ఇల్లు అమ్మినప్పుడు మూలధన లాభం (అమ్మకంపై వచ్చే లాభం) లెక్కలో ఇంటి ఖర్చుకు కలుపుకోవచ్చు.

కుదరకపోతే అప్పుడు కూడా వకీలు ఫీజు దగ్గర మొదలుపెట్టొద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీ ఊరి కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని దరఖాస్తు ఇవ్వండి. ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని అవార్డు, అంటే రాజీ తీర్పు తీసుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలోచించకుండా కోర్టుకు వెళ్లండి: మాటలు నడుస్తుండగానే ఆయన గోడ పగలగొట్టడం మొదలుపెడితే. అప్పుడు వెంటనే ఇంజంక్షన్, అంటే పని ఆపమనే కోర్టు ఉత్తర్వు కావాలి, ఉచిత వకీలును దానికీ అడగొచ్చు. ఈలోగా మీ అభ్యంతరాన్ని రాసి స్పీడ్ పోస్టులో పంపండి, గోడ ఫొటోలు తేదీతో తీసిపెట్టుకోండి. 2010లో మీరిచ్చిన డబ్బుకు బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంట్రీ ఉందేమో వెతకండి, పదహారణాల సాక్ష్యం అది.

ఇక ఎఫ్‌డీ. అమ్మాయి ఫీజు 3 లక్షలు జూన్‌కి చేతికొచ్చేలా విడి డిపాజిట్‌గా మార్చి, గోడ పేరుతో దాన్ని ముట్టుకోకండి. మిగతా 3 లక్షల్లో గోడకు 75,000 మించి కేటాయించొద్దు. ఆ డబ్బు గడువుకు ముందే కావాల్సివస్తే డిపాజిట్ రద్దు చేసి వడ్డీ పోగొట్టుకునే బదులు దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీగా అప్పు) ఎంత వడ్డీకిస్తారో బ్యాంకులో అడిగి, ఏది చవకో చూసుకోండి. ఈ నెల మాత్రం సర్వే ఫీజు, పోస్టు ఖర్చు తప్ప రూపాయి బయటికి తీయకండి.