క్విల్టింగ్ మొదలుపెట్టడానికి ఏయే పనిముట్లు, సామగ్రి కొనుక్కోవాలి?

ఆరేళ్ళ క్రితం నేను సరిగ్గా ఇదే ప్రశ్న అడిగాను కాబట్టి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను. రోటరీ కట్టరు (పిడి చివర గుండ్రటి చక్రంలాంటి బ్లేడు ఉండే కోత పనిముట్టు), దాని కింద పరిచే ఆకుపచ్చ మ్యాటు, కింది బట్ట కనిపించే పారదర్శక స్కేలు, ప్లాస్టిక్ క్లిప్పులు, ముందే కత్తిరించిన పూల బట్ట ముక్కలు అన్నీ కలిపి ఒక పెట్టెగా అమ్ముతున్నారని, అది కొనుక్కుంటే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా అని మీరు అడిగారు. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించుకున్న తరువాత నేను ఇప్పటికి పదకొండు బొంతలు కుట్టాను. వాటిలో నలుగురికి చూపించదగినవి మూడు. మీరు క్విల్టు అన్నారు కానీ, ఖమ్మంలో పుట్టి చిన్నప్పటి నుంచి దాన్ని కప్పుకుని పడుకున్న నాకు బొంత అంటేనే చేతులు కదులుతాయి. ఆ మాత్రం అర్హతతో చెబుతున్నాను: ఆ పెట్టె కొనకండి.

రోటరీ కట్టరు చెడ్డ పనిముట్టని నా ఉద్దేశం కాదు. జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో దాన్ని తీసుకొచ్చాక బొంతలు కుట్టేవాళ్ళ పనితీరే మారిపోయింది. ఒక్కొక్క ముక్కనూ గీసి కత్తెరతో కత్తిరించే బదులు, నాలుగైదు పొరల బట్టను ఒకేసారి పట్టీలుగా కోసుకోవచ్చు. అయితే ఆ చక్రం ఒంటరిగా పనిచేయదు. కింద మ్యాటు లేకపోతే టేబులూ బ్లేడూ రెండూ పాడవుతాయి, పక్కన మందమైన స్కేలు లేకపోతే వేలు తెగుతుంది. మ్యాటు వేడికి ఆగదు, ఒకసారి వంకర తిరిగితే మళ్ళీ చదునుగా రాదు. దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టిన మహానుభావురాలిని నేనే. పైగా పాత నూలు చీర మెత్తగా ఉండి స్కేలు కింద జారిపోతుంది కాబట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే తప్ప కట్టరుకు లొంగదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు (ఆఫ్రికా మూలాలున్న సమాజం వాళ్ళది) కట్టరూ మ్యాటూ లేకుండానే, చేతికందిన పాత బట్ట ముక్కలను అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వచ్చేలా కుట్టుకుంటూ పోతారు. వాళ్ళ బొంత ముందు నా కట్టరు బొంత పక్కింటి పరదాలా కనిపిస్తుంది.

కాబట్టి మొదట ఒక మంచి కత్తెర కొనండి. మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. బరువుగా ఉంటాయి, మొద్దుబారితే సాన పట్టించుకుని ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. బట్ట కత్తెరతో కాగితం కోయకూడదన్నది అందరూ చెప్పే మాటే. మా ఇంట్లో గొడవ కాగితంతో రాలేదు, పాల ప్యాకెట్లతో వచ్చింది. కత్తెర పిడికి ఎర్ర దారం కట్టి, ఇది బట్టలది అని మావారికి ఎన్నిసార్లు చెప్పినా, పొద్దున ఆరు గంటలకు చేతికి దొరికే కత్తెర అదొక్కటే అయ్యేది. చివరకు పాల ప్యాకెట్ల కోసమే చిన్న కత్తెర ఒకటి కొని వంటింట్లో మేకుకు తగిలించాను. మీ పనిముట్ల జాబితాలో ఆ రెండో కత్తెరను కూడా రాసుకోండి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది గీతలు గీసే వస్తువు గురించి. ఎవరూ దీన్ని పట్టించుకోరు, కిట్టుతోపాటు ఊరికే ఇచ్చే పెన్నుతో పని కానిచ్చేస్తారు. నేనూ అలాగే చేశాను.

మూడేళ్ళ క్రితం మా అమ్మాయి కాన్పుకు అమెరికాలోని మినియాపొలిస్ వెళ్ళాల్సి వచ్చినప్పుడు, పుట్టబోయే బిడ్డ కోసం 40 అంగుళాల చదరపు బొంత ఒకటి కుట్టాను. నాలుగు వైపులా రంగు ముక్కలు అతికి, నడుమ మా అమ్మ మంగళగిరి చీరలోని మీగడ రంగు బట్ట పెట్టాను. చీర అంచులోని జరీ పసిపిల్ల ఒంటికి గీసుకుంటుందని దాన్ని కత్తిరించి పక్కన పెట్టేశాను. ఆ నడిమి బట్ట మీద 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు పెట్టి మెలికల ముగ్గు గీసి, ఆ గీతల వెంబడి ఎర్ర దారంతో కుట్టాలని నా ఆలోచన. గీయడానికి నేను వాడినది ఇస్త్రీ వేడికి చెరిగిపోయే పెన్ను. వీడియోల్లో దాన్ని అందరూ ఆకాశానికెత్తుతున్న రోజులవి.

వాకిట్లో పిండితో ముగ్గు వేయడం వేరు, బట్ట మీద పెన్నుతో గీయడం వేరు అని ఆ రోజు తెలిసింది. మొదటిసారి మెలిక ఎక్కడో తప్పి గీత తిరిగి మొదటికి రాలేదు. ఇస్త్రీ పెట్టాను, మాయమైంది. రెండోసారి చుక్కలే వంకరగా పడ్డాయి. మళ్ళీ ఇస్త్రీ. మూడోసారి ఒక మూల వరకు బాగా వచ్చి, ఫోను మోగేసరికి లెక్క తప్పింది. నాలుగోసారికి ముగ్గు కుదిరింది, పదిహేను రోజులు కూర్చుని కుట్టాను, చివరగా ఇస్త్రీ చేసేసరికి మచ్చ కూడా లేని మీగడ రంగు బట్ట మీద ఎర్రటి మెలిక ఒక్కటే మిగిలింది. విమానంలో దాన్ని సూట్‌కేసులో వేయడానికి కూడా మనసొప్పక చేతి సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

జనవరిలో ఒక రాత్రి ఎవరింటికో వెళ్ళి వచ్చి, బొంతను కారులోనే మరిచిపోయాము. బయట మైనస్ 24 డిగ్రీలు. మరునాడు పొద్దున మా అమ్మాయి దాన్ని లోపలికి తెచ్చి సోఫా మీద పరిచి, కాసేపు చూసి, "అమ్మా, ముగ్గు చాలాసార్లు వేశావా?" అని అడిగింది. వెళ్ళి చూద్దును కదా, ఎర్ర దారం చుట్టూ నేను తప్పుగా గీసిన మూడు ముగ్గులూ ఒకదాని మీద ఒకటి పడి, ఫోను మోగిన చోట ఆగిపోయిన గీత తోకతో సహా ప్రత్యక్షమయ్యాయి. సూది కోసం సోదికి వెళితే పాతవన్నీ బయటపడ్డాయంటారే, అది నా విషయంలో అక్షరాలా జరిగింది. మా అల్లుడుగారు మర్యాదస్తుడు కాబట్టి, "డిజైనే అలా ఉందనుకున్నానండీ అత్తయ్యగారూ" అన్నారు. హెయిర్ డ్రయ్యరు పెడితే గీతలు పోయాయి. మరోసారి కారులో ఉండిపోయినప్పుడు మళ్ళీ వచ్చాయి.

తరువాత తెలుసుకున్నదేమిటంటే, ఆ రకం సిరా బట్టను వదిలిపోదు. దాదాపు 60 డిగ్రీల వేడి తగిలితే అందులోని రంగు పదార్థమూ, ఆ రంగును పైకి చూపించే పదార్థమూ విడిపోయి కంటికి కనిపించకుండా పోతాయి, అంతే. గడ్డకట్టించే చలి తగిలితే మళ్ళీ కలుసుకుంటాయి. ఖమ్మంలో ఉన్నన్నాళ్ళూ నా తప్పులు దాగి ఉండటానికి కారణం నా నేర్పు కాదు, మా ఊరి ఎండ. మీ దగ్గర అలాంటి పెన్ను ఉంటే పనికిరాని గుడ్డ మీద గీసి, ఇస్త్రీ చేసి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఐసు తయారయ్యే అరలో పెట్టి చూడండి. నీళ్ళతో పోయే నీలి పెన్నుది దీనికి తిరగబడిన గుణం: నీటితో కడగకముందే ఇస్త్రీ పెడితే మరక బట్టకు పట్టుకుని ఉండిపోతుంది. రెండు పెన్నులూ ఒకే డబ్బాలో వేసుకునేవాళ్ళకు నా సానుభూతి.

ఇప్పుడు నేను వాడేది ఒంటి సబ్బు అరిగి అరిగి చివరకు మిగిలే పలచని ముక్క. ఆరబెడితే దాని అంచు కత్తిలా ఉంటుంది, ముదురు రంగు బట్ట మీద సన్నటి తెల్లగీత పడుతుంది, ఉతికితే పోతుంది, ఖర్చు లేదు. దర్జీల దగ్గర ఉండే సుద్దబిళ్ళ కూడా మంచిదే కానీ అంచు త్వరగా మొద్దుబారుతుంది. తెల్ల బట్ట మీద సబ్బుగీత కనిపించదు కాబట్టి, స్పూను కాడ చివరతో గట్టిగా నొక్కి గీస్తాను. ఆ మడత గుర్తు కుట్టు పూర్తయ్యే వరకు నిలుస్తుంది.

సూదుల దగ్గర కొత్తవాళ్ళందరూ ఒకసారి తికమకపడతారు. చేతి సూదులకు అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది, మిషను సూదులకు అంకె పెరిగే కొద్దీ లావవుతుంది. మిషను సూది ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే సూది లావు 0.9 మిల్లీమీటర్లని అర్థం. నూలు ముక్కలు అతకడానికి అది చాలు. చేతి సూది పొట్టిది తీసుకోండి, పొడుగు సూదితో చిన్న కుట్టు రాదు. దబ్బనం గోనెసంచులకు ఉంచండి. దారం ఒక మూర కంటే ఎక్కువ తీసుకోవద్దు. అటూఇటూ 18 అంగుళాలు, విదేశీ పుస్తకాలు చెప్పే కొలతా అదే. మళ్ళీ మళ్ళీ సూదిలో దారం ఎక్కించడానికి బద్ధకించి బారెడు దారం తీసుకుంటే, సగం కుట్టేలోపు అది చిక్కుపడి నూగు లేస్తుంది. దారాన్ని తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. సూది గుచ్చుకోకుండా మధ్యవేలికి దర్జీలు పెట్టుకునే తొడుగు, అంగుస్తానా, తప్పనిసరి. మొదటి రెండు రోజులు అది పరాయి వేలులా ఉంటుంది, మూడో రోజు అది లేకుండా సూది పట్టలేరు.

పైబట్ట, లోపలి పొర, అడుగుబట్ట మూడింటినీ కలిపేటప్పుడు ప్లాస్టిక్ క్లిప్పులు అంచుల్లో తప్ప నడుమ పనికిరావు. మామూలు పిన్నీసులు వందో నూటయాభయ్యో కొని, నడుమ నుంచి అంచులకు వెళుతూ బెత్తెడు దూరానికి ఒకటి చొప్పున పెట్టండి. లోపల దేనితో నింపాలన్న చర్చ పెద్దది, నేను క్లుప్తంగా ముగిస్తాను: విడి దూది పెడితే కుట్లు దగ్గర దగ్గరగా వేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే ఉండలు కడుతుంది, పాలిస్టర్ దూది షీటు తేలిక కానీ, వేడి ఇస్త్రీకి కరుగుతుంది, మన ఎండాకాలంలో చెమట పట్టిస్తుంది. మా అమ్మ పెట్టినట్టు రెండు మూడు పొరల పాత పంచెలే మన వాతావరణానికి సరైనవని నేను నమ్ముతున్నాను, ఈ విషయంలో ఎవరితోనూ వాదించదలచుకోలేదు.

ఇక బట్ట. కిట్టులో వచ్చే ఆ పూల ముక్కల ధర చూసి మా అమ్మ బతికి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. మన ఇళ్ళలో ఇరవై ఏళ్ళు ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నూలు చీరలు ఉంటాయి. కుంచించుకుపోయేదంతా ఎప్పుడో కుంచించుకుపోయి, పోవాల్సిన రంగంతా పోయి, బొంతకు అంతకంటే సిద్ధంగా ఉన్న బట్ట మరొకటి లేదు. కొత్త బట్ట కలపదలిస్తే ముందుగా ఉతికి తీరాలి. ఎర్ర రంగును నమ్మకండి. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి, గుడ్డకు ఎరుపు అంటితే పక్కన పెట్టేయండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందని ఇరుగుపొరుగు చెప్పే మాట నేను విన్నాను, పాటించాను, ఒక తెల్ల బొంతను గులాబీ రంగులోకి మార్చాను. పాత చీరలో కూడా కూర్చునే చోట నేత పలచబడి ఉంటుంది. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి ఆ భాగం వదిలేయండి, కొంగు వైపు గట్టిగా ఉంటుంది.

మన ఇళ్ళలో ఆ చీరలు వీధిలోకి వచ్చే స్టీలు సామాన్లవాళ్ళకు పోతున్నాయి. మా అమ్మ పోయిన ఏడాదికి, బీరువా ఖాళీ చేయాలన్న తొందరలో, ఆమె నూలు చీరలు ఆరు నేను కూడా అలాగే ఇచ్చేశాను. ఏడోది ఇంకొంచెం బేరం ఆడితే ఇవ్వాల్సి వచ్చేదే కానీ అతను అంతకంటే పెద్ద డబ్బా లేదన్నాడు కాబట్టి మిగిలిపోయింది. మినియాపొలిస్ వెళ్ళిన మంగళగిరి చీర అదే. ఆరు చీరలకూ కలిపి వచ్చింది మూతతో ఉన్న స్టీలు డబ్బా ఒకటి. కత్తెర, సూదులు, తేనెమైనం, సబ్బుముక్కలు ఇప్పుడు అందులోనే పెట్టుకుంటున్నాను. మూత కాస్త బిగుతు, చెంచాతో ఎత్తాలి.