రెండు రాళ్ళు కలిసేచోట చూడు

చిరంజీవి అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

మీ క్లాసు వాళ్ళంతా కడప బేసిన్‌కి (ఒకప్పుడు పొరలు పొరలుగా రాళ్ళు పేరుకున్న పల్లపు ప్రాంతానికి) ఫీల్డు వర్కుకి వెళ్తున్నారట, రాళ్ళ వయసు ఎలా తేల్చాలో తెలీక నువ్వు టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎన్ని కోట్ల ఏళ్ళన్న లెక్క ల్యాబు వాళ్ళకి వదిలెయ్. ఫీల్డులో నువ్వు తేల్చాల్సింది ఏది ముందు, ఏది తర్వాత అన్నదే. అందుకు రాయి నడిమధ్యన నిలబడి ఎంతసేపు సుత్తితో కొట్టినా ఏమీ తెలీదు. రెండు రాళ్ళు కలిసే అంచు దగ్గరికి వెళ్ళు.

కింది పొర పాతది, పై పొర కొత్తది అని 1669లో డేనిష్ శాస్త్రవేత్త స్టెనో చెప్పింది నువ్వు ఎప్పుడో బట్టీ పట్టేసి ఉంటావు. ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలకి ఆ మాట చాలు. మరి తిరుమల ఘాట్ రోడ్డులో ఏం చేస్తావు? కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్, అంటే ఇసుక పేరుకుని గట్టిపడ్డ రాయి. గ్రానైట్ పేరుకున్న రాయి కాదు, భూమి లోపల శిలాద్రవం చల్లారి గట్టిపడ్డది. పైన క్వార్ట్‌జైట్ ఏర్పడ్డాక ఎప్పుడో అడుగు నుంచి చొచ్చుకొచ్చిందేమో! అలాగైతే కిందున్నదే కొత్తదవుతుంది. ఈ అనుమానం రానివాళ్ళు జియాలజీ మానేసి ఇంకేదైనా చదువుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అనుమానం తీరాలంటే అంచు వెంబడే నడవాలి. గ్రానైట్ నుంచి సన్నటి పాయలు పైకి క్వార్ట్‌జైట్‌లోకి పాకాయా? క్వార్ట్‌జైట్ అడుగుభాగం వేడికి మారిన గుర్తులేమైనా ఉన్నాయా? అడుగున గులకరాళ్ళు కనిపిస్తే లెన్స్ పెట్టి అవి ఏ రాతి ముక్కలో చూడు. కింది రాతి ముక్కలు పై రాయిలో దొరికాయంటే ఇక వాదన అక్కర్లేదు. కింది రాయి బయటపడి, అరిగి, ముక్కలయ్యాకే కదా అవి అక్కడికి చేరింది! బేసిన్ పడమటి అంచున ఇంకో మంచి సాక్ష్యం ఉంది. పాత గ్రానైట్‌ని చీల్చుకుని వచ్చిన డోలరైట్ డైకులు (శిలాద్రవం పగుళ్ళలో గోడల్లా గట్టిపడ్డ నల్లరాయి) నల్లటి గుట్టల వరసల్లా సాగుతూ వచ్చి, చాలాచోట్ల బేసిన్ అడుగు పొర అయిన గుల్చేరు క్వార్ట్‌జైట్ దగ్గరికి రాగానే ఆగిపోతాయి. అంటే గ్రానైట్ ముందు, డైక్ తర్వాత, ఆ పైన రెండూ కలిసి అరిగిపోయిన కాలం, ఆఖర్న ఇసుక. తిరుమల దగ్గరి అంచుని జీఎస్‌ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వాళ్ళు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. బస్సులో అందరూ గోవిందా అంటుంటే మన జియాలజీ వాళ్ళు మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి రాళ్ళు చూస్తుంటారు.

పులివెందుల వైపు వెళ్ళినప్పుడు జాగ్రత్త. వేంపల్లె సున్నపురాయి పొరల మధ్య నల్లటి డోలరైట్ పలకలా పరుచుకుని ఉంటుంది. చూడగానే పొరల్లో అదీ ఒక పొర అనిపిస్తుంది. పై అంచూ కింది అంచూ రెండూ చూడు. లావా పారి చల్లారాక దాని మీద సున్నపురాయి పేరుకుని ఉంటే, వేడి తగిలేది కింది రాయికే. ఇక్కడ డోలరైట్ పైనున్న సున్నపురాయి కూడా వేడికి మారింది. ఆస్బెస్టాస్ పుట్టింది అలాంటి అంచుల్లోనే. (దాన్ని గీకి దుమ్ము పీల్చకు.) పైగా డోలరైట్ రెండు అంచుల దగ్గరా సన్న రేణువులతో ఉండి, లోపలికి పోయేకొద్దీ ముతకగా మారుతుంది. చల్లటి రాళ్ళ మధ్యకి దూరి, రెండు పక్కలా త్వరగా చల్లారిందన్నమాట. కాబట్టి అది కిందున్న పొరకంటేనే కాదు, పైనున్న పొరకంటే కూడా కొత్తది. రాజమండ్రి దగ్గర కాతేరులో కథ వేరు. అక్కడ నల్లరాయి నిజంగా పారిన లావాయే, శిలాజాలున్న పొరలు రెండు లావాల మధ్య విరామంలో పేరుకున్నవి.

నల్లమల వైపు పొరలు మడతలు పడి ఉంటాయి. తల ఎటో తోక ఎటో చూసుకోకుండా కింద, పైన అనకు. పైవైపు ఏదో గుర్తులే చెబుతాయి: ఎండి పగిలిన బురద నెర్రెలు కిందికి సన్నబడతాయి, స్ట్రొమటోలైట్ల (సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాళ్ళ) గుమ్మటాలు పైకి ఉబ్బుతాయి. శిలాజాలైన గవ్వల్నీ నత్తల్నీ బట్టి పొరల్ని వరస పెట్టే ఇంగ్లిష్ జియాలజిస్టు విలియం స్మిత్ పద్ధతి ఈ బేసిన్‌లో పనికిరాదు. ఈ పొరలు పేరుకునేనాటికి అవి లేవు.

బనగానపల్లె దగ్గర ఆగితే గులకరాళ్ళ పొర చూడు. ఒకప్పుడు వజ్రాలు తవ్వింది అందులోంచే. వజ్రాన్ని భూగర్భం నుంచి పైకి తెచ్చిన రాయి ఏదైనా కానీ, అది ఆ పొరకంటే పాతదై తీరాలి. ఒక్క అంకె కూడా అక్కర్లేకుండా తేలిపోయే సంగతి ఇది.

అంకె దొరికినా దానికి అర్థం వచ్చేది ఈ వరస వల్లే. తాడిపత్రి పొరల్లోకి చొచ్చిన పులివెందుల సిల్‌కి (పొరల మధ్య పలకలా దూరిన డోలరైట్‌కి) సుమారు 189 కోట్ల ఏళ్ళని ల్యాబులో తేలింది. అది సిల్ వయసు. పొరలు అంతకంటే పాతవని చెప్పగలిగింది అంచు చూసినవాళ్ళే.

అంచు మట్టిలో కప్పబడిపోయి కనిపించకపోతే మ్యాపులో చుక్కల గీత పెట్టు, ఊహించి నిండు గీత గీయకు. ఫొటో తీసుకున్నా సరే, నోటుబుక్కులో బొమ్మ అక్కడే నిలబడి వెయ్యి. రూముకొచ్చాక వేద్దామనుకుంటే ఏ పాయ దేన్ని కోసిందో గుర్తుండదు.

ఇట్లు,
మావయ్య