అమ్మాయి బీఎస్సీకి డబ్బు సర్దారు, ఇంటికి ఏం మిగిల్చారు?

ప్రశ్న: నా వయసు 47. ఖమ్మం జిల్లాలో గ్రానైట్ కంపెనీలో అకౌంటెంట్‌ని. చేతికి నెలకు 52,000 వస్తుంది. మా ఆవిడ కుట్టుపని మీద ఏడెనిమిది వేలు సంపాదిస్తుంది. అమ్మాయి ఇంటర్ బైపీసీ 931 మార్కులతో పాసయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్‌టర్మ్ వద్దంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ కోటాలో బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతానంటోంది. ఏడాదికి ఫీజు 2.4 లక్షలు, హాస్టల్ 1.3 లక్షలు. మొదటి ఏడాదికి 4.2 లక్షల ఎఫ్‌డీ తీసేస్తాను. రెండో ఏడాదికి 5 లక్షల చీటీ పాడుకుంటాను (నెలకు 10,000 చొప్పున 50 నెలలు, 22 కట్టాను). మూడో ఏడాదికి బంగారం తాకట్టు పెడతాను. చాలకపోతే బంధువుల దగ్గర రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ కూడా 2 లక్షలు ఇస్తానంటోంది. బాబు ఎనిమిదో తరగతి. చీటీ కాకుండా ఇంటి ఖర్చు 34,000. నా పేరున 3 లక్షల ఎల్‌ఐసీ పాలసీ, ఆఫీసు హెల్త్ కార్డు ఉన్నాయి. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారు. నా ప్లాన్ సరిగ్గానే ఉందా?

జవాబు: లేదండీ. ఇలాంటి ఉత్తరాలు ఇంటర్ ఫలితాలు వచ్చాక నాకు చాలా వస్తాయి. అన్నింట్లోనూ ఇదే పొరపాటు కనిపిస్తుంది కాబట్టి మీకు కాస్త వివరంగా రాస్తున్నాను. మూడేళ్ల ఫీజు ఎక్కడెక్కడి నుంచి తేవాలో బాగానే ఆలోచించారు. ఆ మూడేళ్లూ మీరు ఆరోగ్యంగా ఉంటారని, జీతం ఒక్క నెల కూడా ఆగదని ముందే అనేసుకున్నారు.

అమ్మాయి రెండో ఏడాదిలో ఉండగా మీకేదైనా జరిగిందనుకోండి. రాయడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది, అయినా లెక్క చూడాలి. ఎఫ్‌డీ అప్పటికే అయిపోయింది. చీటీ పాడుకున్నారు కాబట్టి ఇంకా 16 వాయిదాలు ఉంటాయి, అవి కట్టకపోతే చీటీవాళ్లు జామీను ఇచ్చినవాళ్ల మీదికి వెళ్తారు. చేతికొచ్చేది 3 లక్షల పాలసీ సొమ్ము. నెలకు 34,000 ఖర్చున్న ఇంటికి అది తొమ్మిది నెలలు కూడా రాదు. ఇంత కష్టపడి చేర్పించిన బీఎస్సీయే అన్నిటికంటే ముందు ఆగిపోతుంది. అమ్మాయి హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొస్తుంది, బాబు చదువు సంగతి ఆ తర్వాత.

అందుకే ఫీజు కట్టకముందే కోటి రూపాయల టర్మ్ పాలసీకి (గడువులోపు మీకేదైనా అయితేనే ఇంటికి డబ్బు వచ్చే పాలసీ) అప్లై చేయండి. మీ వయసుకు ప్రీమియం ఏడాదికి పాతిక వేలు అటూ ఇటూ ఉండొచ్చు, షుగర్ రిపోర్టును బట్టి పెరగవచ్చు కూడా. ఆ షుగర్ సంగతి ఫారంలో తప్పకుండా రాయండి. బార్డర్‌లోనే కదా అని దాచిపెడితే రేపు క్లెయిమ్ కోసం తిరగాల్సింది మీ ఆవిడే. వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు, ఇంకా ఆలస్యం చేయడానికి కారణం ఏమీ లేదు.

ఇంకొకటి, ఇది ఏజెంట్లు చాలామంది చెప్పరు. పాలసీ తీసుకునేటప్పుడే ఎండబ్ల్యూపీ యాక్ట్ కింద, అంటే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద, మీ ఆవిడ, పిల్లల పేరున తీసుకోండి. అలా చేస్తే ఆ డబ్బు మీద మీ అప్పులవాళ్లకు హక్కు ఉండదు. చీటీ, బంగారం లోను, చేబదులు అన్నీ పెట్టుకోబోతున్న మీలాంటివారికి ఇది చాలా అవసరం. పాలసీ తీసుకున్నాక ఇది చేర్చడం కుదరదు, మొదట్లోనే అడిగి ఆ ఫారం నింపాలి.

ఆఫీసు హెల్త్ కార్డు ఉద్యోగం ఉన్నంతవరకే. యాభై దాటాక, షుగర్ ఖాయమయ్యాక సొంతంగా పాలసీ అడిగితే ప్రీమియం మండిపోతుంది. ముందున్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు ఉంటుంది, ఆ లెక్క పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది. కుటుంబమంతటికీ కలిపి ఒకే 10 లక్షల హెల్త్ పాలసీ (ఫ్లోటర్) ఇప్పుడే తీసుకోండి. టర్మ్, హెల్త్ పాలసీలు రెండింటికీ నెలకు సుమారు 5,000 అవుతుందనుకుందాం.

ఇక ఎఫ్‌డీ. ఇంటి ఖర్చు, చీటీ కలిపి మీకు నెలకు 44,000 కావాలి. ఆరు నెలలకు 2.64 లక్షలు. ఎఫ్‌డీలో అంత మొత్తాన్ని వేరుచేసి, అది లేదనే అనుకోండి. అమ్మాయి ఫీజు గడువు రేపే అన్నా దాని జోలికి వెళ్లకండి. గ్రానైట్‌లో ఆర్డర్లు తగ్గితే జీతాలు ఎలా ఆలస్యమవుతాయో నాకంటే మీకే బాగా తెలుసు. చదువుకు మిగిలేది 1.56 లక్షలు.

ఇప్పుడు అమ్మాయి చదువు. బయాలజీలో బీఎస్సీ మూడేళ్లతో అయిపోయే చదువు కాదు. డిగ్రీతో ఫార్మా కంపెనీల్లో మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబుల్లో, డయాగ్నోస్టిక్స్‌లో ఉద్యోగాలు దొరుకుతాయి, కానీ చాలాచోట్ల మొదటి జీతం ఇరవై వేల లోపే. మంచి ఉద్యోగం కావాలన్నా పరిశోధన వైపు వెళ్లాలన్నా ఎమ్మెస్సీ చేయాలి. ఆ తర్వాత జేఆర్‌ఎఫ్ (జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్) సాధిస్తే నెలకు 37,000 ఫెలోషిప్ వస్తుంది, పీహెచ్‌డీకి మీరు రూపాయి పెట్టనక్కర్లేదు. అంటే మీరు సిద్ధం కావాల్సింది ఐదేళ్లకు. ఫీజు, హాస్టల్ కలిపి 11.1 లక్షలూ మొదటి మూడేళ్లకే ఊడ్చిపెడితే, అసలు పనికొచ్చే రెండేళ్లకు చేతిలో ఏమీ ఉండదు.

అందుకే చీటీ ఇప్పుడు పాడకండి. పోటీ ఉన్న నెలలో పాడితే పెద్ద మొత్తమే వదులుకోవాలి. చివరిదాకా ఉంచితే 28 నెలల తర్వాత దాదాపు మొత్తం చేతికొస్తుంది. అప్పటికి అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంటుంది, బాబు ఇంటర్ వయసుకొస్తాడు. ఆ డబ్బు వాళ్లిద్దరిది.

మీ ఇద్దరి సంపాదనలో ఆ 44,000 తీసేస్తే నెలకు మిగిలే 15,500లో ఇన్సూరెన్సుకు 5,000 పోగా పది వేలు పక్కన పెట్టగలిగితే మూడేళ్లకు 3.6 లక్షలు. ఎఫ్‌డీలో మిగిలినది కలిపితే 5.16 లక్షలు. అంటే ఏడాదికి లక్షా 70 వేలలోపు అయ్యే కాలేజీ అయితే అప్పు అవసరమే లేదు. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు, కోఠి మహిళా విశ్వవిద్యాలయం చూడండి, హాస్టల్‌తో కలిపినా ఇందులో సరిపోతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ, కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థ తిరుపతి ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. ఈ ఏడాది రాయకపోతే, డిగ్రీలో చేరాక ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌ల మీద దృష్టి పెట్టమనండి. సైన్స్ డిగ్రీ చదివేవారికి కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 ఇస్తుంది. బోర్డులో టాప్ 1 శాతంలో ఉండాలి. దాని సబ్జెక్టుల జాబితాలో బోటనీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఉన్నాయి, బయోటెక్నాలజీ లేదు. కోర్సు ఎంచుకునే ముందు అమ్మాయికి ఈ సంగతి చెప్పండి.

ఆ ప్రైవేటు యూనివర్సిటీయే కావాలని అమ్మాయి పట్టుబడితే, ఈ 5.16 లక్షలు పోగా తక్కువపడే సుమారు 6 లక్షలకు మాత్రమే ప్రభుత్వ బ్యాంకులో విద్యా రుణం తీసుకోండి. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు ఉండదు. చదువుకునే రోజుల్లో వడ్డీ నెలనెలా కట్టేస్తే అసలు పెరగదు. 10 శాతం వడ్డీకి, పదేళ్లకు, 6 లక్షల మీద ఈఎంఐ 8,000 లోపు. మొత్తం 11 లక్షలూ అప్పే చేస్తే 14,500 దాటుతుంది, ఇరవై వేల లోపు జీతంతో చేరే అమ్మాయి అది ఎలా కడుతుంది? మీ ఆదాయం 8 లక్షల లోపే కాబట్టి కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మిలో 3 శాతం వడ్డీ రాయితీకి ప్రయత్నించవచ్చు. కానీ ఆ యూనివర్సిటీ పథకం జాబితాలో ఉండాలి, పైగా మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అది వర్తించదు. మెరిట్‌లో సీటు ఉందేమో ముందు అడగండి.

రెండు రూపాయల వడ్డీ మాట మాత్రం మళ్లీ ఎత్తకండి. అది ఏడాదికి 24 శాతం. 3 లక్షలు తెస్తే నెలకు 6,000, మూడేళ్లకు 2.16 లక్షలు వడ్డీయే కట్టి, అసలు అలాగే ఉంటుంది. చుట్టరికం కూడా పాడవుతుంది. ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి. చదువుకు అప్పు తెచ్చుకునే చోటు అది కాదు. బంగారాన్ని కూడా ఫీజుకు వాడకండి. ఆస్పత్రి అవసరం వచ్చి, ఆరు నెలల నిధి కూడా చాలనప్పుడు మాత్రమే దాన్ని బయటికి తీయండి.

యూనివర్సిటీవాళ్లు సీటు ఉండదని తొందరపెట్టినా అడ్వాన్సు కట్టకండి. ఈ వారం టర్మ్ పాలసీ మెడికల్ టెస్టు చేయించుకోండి, దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టించండి. షుగర్ ఎక్కువుందని కంపెనీ ప్రీమియం పెంచితే ఆ కాగితంతో నాకు మళ్లీ రాయండి, కవర్ ఎంత తగ్గించవచ్చో అప్పుడు చూద్దాం.